గాజు మీద తొమ్మిది కార్డులు

బొమ్మల కార్డు ఏదన్నది పేరు చదివితే తెలిసిపోతుంది పిల్లలూ. దాని ధర తేల్చేవి మాత్రం నాలుగు మూలలు. మూల నలిగి లోపలి తెల్ల అట్ట బయటపడిందా, అంచు వెంట రంగు లేచిందా, బొమ్మ చుట్టూ ఉన్న బద్దె అటూ ఇటూ సమానంగా ఉందా, పైన సన్నటి గీత ఏమైనా పడిందా అని కొనేవాడు వెతుకుతాడు. కార్డు చేత్తో పట్టుకునే వీలుంటే తిప్పి తిప్పి చూసుకుంటాడు. ఆన్‌లైన్లో కొనేవాడికి ఆ వీలు లేదు. వాడి కన్ను మీరు పెట్టే బొమ్మే.

ఈ కార్డులేమిటి, ఈ గోలేమిటి అని మీ అమ్మమ్మలు అడగొచ్చు. వాళ్ళకోసం నాలుగు ముక్కలు. అమెరికాలో 1880ల నాటి సిగరెట్ పెట్టెలు మెత్తటి కాగితంతో చేసేవారు. నలగకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. ఊరికే పోయే అట్ట మీద బొమ్మ వేస్తే పోలా అని రిచ్‌మండ్ ఊళ్ళోని అలెన్ అండ్ గింటర్ కంపెనీ 1887లో ఆటగాళ్ళ బొమ్మలు అచ్చేసి అందులో పెట్టింది. తర్వాత చూయింగ్ గమ్ వాళ్ళు అందుకున్నారు. టాప్స్ అనే కంపెనీ 1952లో వేసిన బేస్‌బాల్ కార్డులు కొన్ని పెట్టెలు పెట్టెలుగా మిగిలిపోతే, 1960లో వాటిని పడవ మీద తీసుకెళ్ళి అట్లాంటిక్ సముద్రంలో పోయించానని ఆ కార్డుల రూపకర్త సై బెర్గరే చెప్పుకున్నాడు. ఆ సెట్టులోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. సముద్రంలో చేపలకు తెలిసి ఉండదు పాపం. 1993లో మ్యాజిక్ ద గ్యాదరింగ్, 1996లో జపాన్లో పోకెమాన్ కార్డులాటలు వచ్చాక ఇది ఆటల పిచ్చిని దాటి పిల్లల పిచ్చి అయింది.

మా మనవడికీ అదే పిచ్చి. వాడుండేది టెక్సాస్‌లో, ప్లేనోలో. డబుల్ వచ్చిన కార్డులు అమ్మి కొత్తవి కొనుక్కోవాలని వాడి ఆశ. ఆన్‌లైన్ అంగడి ఈబేలో ఖాతా మా అల్లుడి పేరున, చాకిరీ వాడిది. ఫోన్‌తో తీస్తే ఒక మూల పెద్దగా, ఒక మూల చిన్నగా వస్తుంది, పైగా తల నీడ పడుతుంది. అందుకని స్కానర్ ముందు కూర్చుని ఒక్కో కార్డూ పెట్టడం, మూత వేయడం, మీట నొక్కడం, తీయడం. నేను బెజవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేసినవాణ్ణి. బొమ్మల్ని చుక్కలుగా విరగ్గొట్టడమే నా బతుకు. అట్లా కూర్చుని చూస్తూ ఉండలేకపోయాను.

స్కానర్ గాజు మీద ఒకేసారి ఎన్ని కార్డులు పడతాయో ముందు లెక్క చూద్దాం. 1957లో టాప్స్ తన కార్డును రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవుకు తగ్గించింది. ఈనాటి కార్డులన్నీ దాదాపు అదే కొలత. అంటే అడ్డం 63.5 మిల్లీమీటర్లు, నిలువు 88.9. ఏ4 గాజు 210 బై 297. అడ్డంగా మూడు పెడితే 190న్నర, నిలువుగా మూడు పెడితే 267కు కాస్త తక్కువ. తొమ్మిది కార్డులు పడతాయి, మధ్యలో సందు కూడా మిగులుతుంది. ఆ సందు వదలాలి. అంచులు ఒకదానికొకటి తగిలితే ఎక్కడ కత్తిరించాలో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. వంద కార్డులుంటే ముందూ వెనకా కలిపి రెండొందల సార్లు మూత ఎత్తాల్సింది 24 సార్లతో తేలిపోతుంది. ఒక పెద్ద బొమ్మలోంచి తొమ్మిదింటినీ విడగొట్టి, వంకర సరిచేసి, వేరువేరు ఫైళ్ళుగా దాచే పని వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఫోటోషాప్‌లోనూ దానికో ఆజ్ఞ ఉంది.

అయితే దాని కన్ను అంచును బట్టే పనిచేస్తుంది. స్కానర్ మూత లోపలి వైపు తెల్లగా ఉంటుంది. పాత కార్డుల బద్దె కూడా తెలుపే. తెలుపు ఎక్కడ ఆగి తెలుపు ఎక్కడ మొదలైందో అది ఎట్లా చెప్పగలదు? కార్డుల మీద ఒక నల్ల చార్టు కాగితం పరిచి అప్పుడు మూత వేయండి. అంచు స్పష్టంగా తెలుస్తుంది. మూలన తెల్ల అట్ట బయటపడి ఉంటే అదీ నల్లదనం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నల్ల అంచు కార్డులకు మాత్రం నీలమో ఆకుపచ్చో పరచాలి.

అంగుళానికి ఎన్ని చుక్కలు పెట్టాలి? డీపీఐ అంటారు దాన్ని. 300 పెడితే కార్డు 750 బై 1050 పిక్సెళ్ళు వస్తుంది. 600 పెడితే 1500 బై 2100. కొనేవాడు జూమ్ చేసి చూడాలంటే పొడుగు వైపు 1600 పిక్సెళ్ళు ఉంటే మంచిదంటుంది ఈబే. కాబట్టి 600. అంతకన్నా ఎక్కువ పెడితే టైము దండగ, ఫైలు బరువు. 600 దగ్గరే నిండు ఏ4 గాజు బొమ్మ కుదించకముందు వంద మెగాబైట్లు దాటుతుంది. ఆ ఒక్క కార్డులో 31 లక్షల యాభై వేల పిక్సెళ్ళు ఉంటాయర్రా. 1957లో అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థలో రస్సెల్ కిర్ష్ అనే ఆయన మొదటిసారి కంప్యూటర్లోకి ఎక్కించిన ఫోటో, మూడు నెలల తన కొడుకు ఫోటో, అడ్డం 176, నిలువు 176. మీ కార్డులో దానికి నూరు రెట్లు ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. స్కానర్‌లో దీపం ఎక్కడుంది, కన్ను ఎక్కడుంది? ఈ రెండూ తెలిస్తే మా మనవడు నన్నడిగిన ప్రశ్నల్లో ముక్కాలు భాగానికి జవాబు దొరుకుతుంది.

గాజు కింద ఒక బండి కదులుతూ పోతుంది. దాని మీద దీపం ఒక పక్కన, ఏటవాలుగా వెలుగు వేస్తూ ఉంటుంది. కన్ను మాత్రం కార్డును నిట్టనిలువుగా చూస్తుంది. మామూలు కాగితం మీద వెలుగు పడితే అన్ని వైపులకూ చెదిరిపోతుంది, కొంత కన్నుకూ చేరుతుంది. మెరిసే పొర ఉన్న ఫాయిల్ కార్డు అట్లా కాదు. అది అద్దం జాతి. ఏటవాలుగా వచ్చిన వెలుగును అంతే ఏటవాలుగా అవతలికి పంపేస్తుంది. కన్ను దాకా రాదు. మీ క్లాసులో కిటికీకి దూరంగా అవతలి బెంచీ వాడికి నల్లబల్ల మీద మెరుపు తప్ప అక్షరం కనిపించదు, కిటికీ పక్క ఇవతలి బెంచీ వాడికి మెరుపే తెలియదు కదా? స్కానర్ కన్ను ఇవతలి బెంచీలో కూర్చుంది. అందుకే ఇంద్రధనుస్సు రంగుల్లో తళతళలాడే కార్డు స్కాన్ చేయగానే బూడిద రంగు, మరీ వెండి పూత కార్డయితే నలుపు. మనవడు స్కానర్ పాడైపోయిందనుకున్నాడు. అది దాని పని అది చేసింది. ఫాయిల్ కార్డుకు స్కాన్ ఒకటి, కిటికీ పక్కన కాస్త ఏటవాలుగా పట్టి ఫోన్‌తో తీసిన ఫోటో ఒకటి, రెండూ పెట్టాల్సిందే. స్కాన్ మూలలు చూపిస్తుంది, ఫోటో తళుకు చూపిస్తుంది.

గీతల సంగతీ ఇంతే. కార్డు మీది సన్నటి గీత ఒక చిన్న గాడి. దీపం వెలుగు ఆ గాడికి అడ్డంగా వచ్చి తగిలితే గోడ మీద చెదిరి గీత కనిపిస్తుంది. గాడి వెంట పారితే ఏమీ కనిపించదు. కార్డును నిలువుగా పెట్టి ఒకసారి, అడ్డంగా తిప్పి ఒకసారి స్కాన్ చేసి చూడండి. మొదటిదాంట్లో లేని గీత రెండోదాంట్లో ప్రత్యక్షమవుతుంది. తొమ్మిదింటినీ ఇట్లా చేయనక్కర్లేదు, ఖరీదైన వాటికి చాలు. అసలు స్కానర్‌ను నమ్మకూడని ఒక లోపం ఉంది, అది సొట్ట. గుండ్రటి మెత్తటి సొట్టకు పదునైన గోడ ఉండదు, వెలుగు పెద్దగా చెదరదు. దాన్ని చేత్తో ఏటవాలుగా పట్టి దీపం కింద చూసి కనిపెట్టాలి.

ఇక కన్నులో రెండు రకాలున్నాయి. పాత లావుపాటి స్కానర్లలో వెలుగును అద్దాలతో మడతలు మడతలుగా తిప్పి, ఒక కటకంతో కుదించి, చిన్న సీసీడీ చిప్పు మీద పడేస్తారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిన చిప్పు అది. వాళ్ళకు 2009లో నోబెల్ వచ్చింది. అంత దూరం నుంచి చూసే కన్నుకు గాజు మీద నుంచి వస్తువు కాస్త పైకి లేచినా పట్టింపు లేదు. కొత్తగా వచ్చే పలచటి స్కానర్లలో ఉండేది సీఐఎస్. కార్డు కిందనే, గాజుకు దాదాపు ఆనుకుని, గాజు వెడల్పంతా సన్నటి కటకపు కడ్డీల వరస, దాని కింద సెన్సార్ల వరస. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. చవక, తేలిక, యూఎస్‌బీ తీగతోనే కరెంటు. కానీ దానికి గాజుకు అంటుకున్నదే స్పష్టంగా కనిపిస్తుంది. కొద్ది మిల్లీమీటర్లు లేస్తే మసక.

కాగితాలు స్కాన్ చేసేవాడికి ఈ తేడాతో పని లేదు. కార్డుల వాడికి ఉంది. ఎంత బాగుందో పరీక్షించి, అంటే గ్రేడింగ్ చేసి, నంబరు వేసిన కార్డు గట్టి ప్లాస్టిక్ పెట్టెలో వస్తుంది, స్లాబ్ అంటారు. అందులో కార్డు గాజుకు ఎడంగా ఉంటుంది. సీసీడీ దాన్ని శుభ్రంగా చూస్తుంది, సీఐఎస్‌కు దాని మీది చీటీ కూడా చదవడం కష్టం. మీ ఇంట్లో స్కానర్ ఏ రకమో తెలియాలంటే ఒక పరీక్ష చెప్తాను. 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలును అంకెలు కిందికి ఉండేలా గాజు మీద పెట్టండి. సున్నా ఉన్న చివర గాజుకు ఆనాలి. రెండో చివర కింద 15 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేలా ఏదైనా చెక్కముక్క పెట్టండి. మూత వేయకుండా స్కాన్ చేయండి. స్కేలు సెంటీమీటరుకు ఒక మిల్లీమీటరు చొప్పున లేస్తుంది కాబట్టి, 3 దాకా గీతలు విడివిడిగా కనిపించి తర్వాత కలిసిపోతే మీ స్కానర్ చూపు 3 మిల్లీమీటర్లని అర్థం. దుకాణం వాడి మాట కన్నా ఇది నమ్మకం.

పలచటి ప్లాస్టిక్ స్లీవ్ తొడిగే స్కాన్ చేయొచ్చా అని కూడా అడుగుతారు. చేయొచ్చు గానీ స్లీవ్ మీది గీతలన్నీ కార్డు ఖాతాలో పడతాయి. పైగా ప్లాస్టిక్‌కూ గాజుకూ మధ్య చిక్కుకున్న సన్నటి గాలి పొరలో రంగురంగుల వలయాలు వస్తాయి. న్యూటన్ వలయాలని వాటి పేరు, మేం ఫిల్ములు తయారుచేసేటప్పుడు వాటితో నానా తిప్పలూ పడేవాళ్ళం. చేతులు కడుక్కుని, కార్డును అంచులతో పట్టుకుని, స్లీవ్ తీసి పెట్టడమే మేలు. గాజు తుడిచే మందు గాజు మీద చల్లకండి, గుడ్డ మీద చల్లండి. అంచు కిందికి దిగిన తడి లోపలికి పోతే మళ్ళీ బయటికి రాదు.

ఇప్పుడు నా సొంత ఊరికి వచ్చాం, అచ్చు చుక్కలు. కార్డు మీది బొమ్మలో కనిపించే వందల రంగులన్నీ నాలుగు సిరాలతో చేసిన మాయ. నీలం, గులాబి, పసుపు, నలుపు. ఒక్కో సిరా చుక్కల వరసలుగా పడుతుంది. నాలుగు వరసలూ ఒకే కోణంలో ఉంటే ఒకదాని మీద ఒకటి పడి అలలు అలలుగా ఒక పాడు నమూనా తేలుతుంది, మోరే అంటాం. అది రాకుండా నలుపు 45 డిగ్రీలు, నీలం 15, గులాబి 75, పసుపు సున్నా అని తిప్పి వేస్తాం. అప్పుడు చుక్కలు కలిసి చిన్నచిన్న పువ్వుల్లా ఏర్పడతాయి. భూతద్దం పెట్టి చూడండి, కనిపిస్తాయి.

స్కానర్ కూడా తన పిక్సెళ్ళ వరసతోనే వస్తుంది. అంటే ఐదో వరస. మంచి అచ్చులో అంగుళానికి 150 చుక్కల వరసలు ఉంటాయనుకుందాం. 300 డీపీఐలో ఒక్కో చుక్కకు అడ్డంగా రెండే పిక్సెళ్ళు. ఒకసారి చుక్క మధ్యలో పడుతుంది, ఒకసారి అంచున పడుతుంది, మేం కోణాలు తిప్పి వదిలించుకున్న మోరే మళ్ళీ ప్రత్యక్షం. 600లో నాలుగు పిక్సెళ్ళు పడతాయి, చాలావరకు పోతుంది. దీనికి మందుగా స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో డీస్క్రీన్ అని ఒక మీట ఉంటుంది. అది చేసేది అలుకుడు. చుక్కలతో పాటు మూలల పదునూ అలికేస్తుంది. అమ్మకానికి పెట్టే కార్డు మీద దాని జోలికి పోకండి.

ఆ చుక్కల్లోనే దొంగ కార్డు గుట్టు కూడా ఉంది. అసలు కార్డులో నల్ల అక్షరాలు నలుపు ప్లేటు ఒక్కదాంతోనే, నిండు సిరాతో పడతాయి. అంచు కత్తితో కోసినంత నీటు. దొంగ అచ్చు వేసేవాడి దగ్గర ఆ ప్లేటు ఉండదు. అసలు కార్డును స్కాన్ చేసి, ఆ బొమ్మనే మళ్ళీ నాలుగు రంగులుగా విడగొట్టి అచ్చేస్తాడు. దాంతో అక్షరం కూడా చుక్కల కుప్ప అవుతుంది. ఖరీదైన కార్డు అమ్మేటప్పుడు పేరు అచ్చయిన చోట మాత్రం 1200 డీపీఐలో ఒక చిన్న ముక్క స్కాన్ చేసి కలపండి. తెలిసిన కొనుగోలుదారు దాన్ని చూసి ఇంకేమీ అడగడు. మొత్తం కార్డును 1200లో పెట్టొద్దని మాత్రం నా సలహా, ఆ దొంగకు మనమెందుకు సాయం చేయడం?

స్కానర్ సాఫ్ట్‌వేర్‌కు మంచితనం ఎక్కువ. అడక్కుండానే రంగులు దిద్దుతుంది, పదును పెడుతుంది, దుమ్ము తుడుస్తుంది. ఆ దుమ్ము తుడిచే మీట ఉందే, అది నాకు అసలు గిట్టదు. చిన్న తెల్లచుక్క కనిపిస్తే దుమ్మనుకుని చుట్టుపక్కల రంగుతో పూడ్చేస్తుంది. అంచున రంగు లేచిన చోటూ దాని కంటికి దుమ్మే. అందంగా తయారైన స్కాన్ చూసి కొన్నవాడు పెట్టె విప్పి కార్డు చూసి వెనక్కి పంపిస్తాడు, పోస్టు ఖర్చు మనకు. ఆటో అన్నవన్నీ ఆపేయండి. వెలుగు ఒక విలువ దగ్గర బిగించి తొమ్మిది కార్డులకూ అదే ఉంచండి. లేకపోతే పక్కన నల్ల కార్డుందని తెల్లకార్డు రంగు మారుతుంది. దుమ్ముకు మందు గాలి ఊదే రబ్బరు బుడ్డి, మెత్తటి గుడ్డ, అంతే.

వెనక వైపులు చూద్దాం. ముందు వైపులు స్కాన్ అయ్యాక ఏ కార్డును ఆ చోటనే తిరగేయండి. తొమ్మిదింటినీ ఒక్కసారిగా ప్లాస్టిక్ ఆల్బమ్ పేజీతో పాటు బోర్లిస్తే ఎడమ వరస కుడికి పోతుంది, ఒకడి ముఖానికి ఇంకొకడి వీపు అతుక్కుంటుంది. పై ఎడమ మూల ఒకటి, కింది కుడి మూల తొమ్మిది అని ఒకసారి ఖాయం చేసుకుంటే ఫైలు నంబరూ, స్లీవ్ మీద అంటించిన చీటీ నంబరూ ఒకటే అవుతాయి. అమ్ముడుపోయిన రోజు డబ్బాలో వెతుక్కోనక్కర్లేదు. మనవడికి అసలు టైము పోతున్నది స్కానింగులో కాదు, ఈ వెతుకులాటలోనే.

ఇంతకన్నా వేగం కావాలంటే కాగితాలు మింగే స్కానర్లున్నాయి. కట్టగా పెడితే ఒక్కోటి లాక్కుని రెండు వైపులూ ఒకేసారి తీసేస్తాయి. వేలకొద్దీ చవక కార్డులున్నవాళ్ళకు అవే దిక్కు. వాటిలో కన్ను కదలదు, కార్డు కదులుతుంది. అందుకే కన్ను ముందు గాజు మీద ఒక్క దుమ్ము రేణువు కూర్చుంటే ప్రతి కార్డు మీదా, పైనుంచి కిందికి, ఒకే చోట నిలువు గీత. కొనేవాడు అది కార్డు మీద గీతనుకుంటాడు. నాలుగు కార్డుల మీద ఒకే చోట గీత కనిపిస్తే ఆపి గాజు తుడవండి. పైగా ఈ స్కానర్ కార్డును రబ్బరు చక్రాల మధ్య నలిపి అవతల పళ్ళెంలోకి విసిరేస్తుంది. మూలల మీదే ధర ఆధారపడిన వస్తువును దానికి అప్పగించడానికి నా చేయి రాదు.

చివరిగా ఫాయిల్ కార్డుల వంకర. పోయిన ఎండాకాలం సెలవులకు మనవడు వాటిని బెజవాడ తెచ్చాడు. ప్లేనో ఏసీ ఇంట్లో పలకల్లా ఉన్నవి వానలు పడగానే గిన్నెల్లా వంగాయి. కాగితం తేమ పీల్చుకుని సాగుతుంది. మీది ఫాయిల్ పొర సాగదు. సాగిన వెనక వైపు బయటికి, సాగని ముందు వైపు లోపలికి పోతాయి. అట్లా వంగిన కార్డు అంచులు గాజుకు ఆనితే మధ్య భాగం లేస్తుంది, సీఐఎస్ స్కానర్‌కు అది మసక. మూత మీద పుస్తకాలు పేర్చి నొక్కకండి, ఇస్త్రీపెట్టె పేరు అసలు ఎత్తకండి. బూట్ల పెట్టెల్లో, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ సంచులు నాలుగు, మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి చాలు. కార్డులు అందులో పెట్టి రోజూ తీసి చూస్తుండండి. ఎక్కువ ఆరితే రెండో వైపుకు తిరుగుతాయి. చదును కాగానే తీసి, ఆ పూటే స్కాన్ చేసేయండి.